రెండు బెడ్లు వదిలేశాను

మాది లంబసింగికి దగ్గరలోని ఒక గూడెం. పాతిక సెంట్లలో స్ట్రాబెర్రీ వేస్తున్నాం. 20 బెడ్లు, బెడ్డుకు 250 మొక్కలు.

మొదటి ఏడాది దుకాణంలో బయోస్టిమ్యులెంట్ అంటూ ఒక సీసా అంటగట్టారు. ‘ఇది కొడితే కాయ సైజే మారిపోతుంది బాబూ’ అన్నాడు అమ్మేవాడు. లేబుల్ మీద పిడికిలంత పండు బొమ్మ ఉంది కానీ, లోపల ఏముందో ఒక్క ముక్క లేదు. కొట్టాను. ఆకులు అరచేతులంత పెరిగాయి, పూత మాత్రం ఆలస్యమైంది. సంక్రాంతి రద్దీకి బేరగాళ్లు రోడ్డు మీద నిలబడితే నా దగ్గర చూపించడానికి ఆకులే ఉన్నాయి. తప్పు సీసాదేనని గట్టిగా చెప్పలేను. నత్రజని కూడా ఎక్కువే వేశాను. అయినా లోపలి సరుకేమిటో చెప్పని సీసా కొన్నది నేనే కదా.

బయోస్టిమ్యులెంట్ అంటే ఎరువూ కాదు, పురుగుమందూ కాదని తర్వాత తెలుసుకున్నాను. మొక్క తన వేళ్లతో తాను తీసుకునే ఆహారాన్ని ఇంకాస్త బాగా తీసుకునేలా, ఎండకూ చలికీ తట్టుకునేలా చేసే పదార్థం అది. సముద్రపు నాచు సారం, హ్యూమిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాలు ఈ కోవలోవే. 2021 ఫిబ్రవరిలో కేంద్రం వీటిని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. వీటిలో పురుగుమందు 0.01 పీపీఎం (పది లక్షల భాగాల్లో నూరో వంతు భాగం) మించకూడదని అందులోనే ఉంది. అంటే లేబుల్ చదివి కొనే హక్కు నాకు ఉంది. నేనే చదవలేదు.

రెండో ఏడాది చదివి కొన్నాను. ఉత్తర అట్లాంటిక్ చల్లని తీరాల్లో రాళ్లకు పట్టి పెరిగే ఆస్కోఫిల్లమ్ అనే గోధుమ రంగు నాచు సారం అది. మూత తీస్తే సంతలో ఎండుచేపల వరుస పక్కన నిలబడినట్టే వాసన. నీళ్లలో కలిపితే చిక్కటి డికాషన్ రంగు. ‘మొక్కలకు టీ పోస్తున్నావా నాయనా?’ అంది అమ్మ.

అక్టోబరు మొదట్లో మహాబలేశ్వర్ నుంచి నారు వచ్చింది. రెండు రోజులు పెట్టెల్లో ప్రయాణం చేసి వాడిపోయి ఉంది. లీటరు నీటికి 2 మి.లీ. కలిపి, నాటే ముందు వేళ్లు ముంచాం. చివరి రెండు బెడ్ల నారును మాత్రం ఉత్త నీళ్లలో ముంచి, గుర్తుగా వెదురు పుల్లలు పాతాను. మొదటి ఏడాది ఈ ఒక్క పని చేసి ఉంటే అంత అయోమయం ఉండేది కాదు.

మూడు వారాలకు లెక్కపెట్టాను. పుల్లలు పాతిన బెడ్లలో 31, 27 మొక్కలు చచ్చిపోయాయి. మిగతా వాటిలో ఏ బెడ్డులోనూ 18 దాటలేదు. మల్చింగ్ షీటు రంధ్రంలోంచి ఒక్కో మొక్క పీకి చూస్తే, నాచు సారంలో ముంచిన దానికి తెల్లటి పిల్లవేళ్లు గుబురుగా ఉన్నాయి. రెండో దానికి పాత నల్ల వేళ్లే, కొసన ఒకటో రెండో తెల్లవి. రెండు బెడ్లతో శాస్త్రం తేలదని తెలుసు. కానీ చచ్చిన ప్రతి మొక్కకూ మళ్లీ నారు కొనాల్సింది నేను.

నవంబరులో ఒక తెలివితక్కువ పని చేశాను. పిచికారీ ఖర్చు కలిసొస్తుందని నాచు సారం పోసిన ట్యాంకులోనే కాల్షియం నైట్రేట్ ఎరువు వేశాను. పది నిమిషాల్లో నాజిల్ మూసుకుపోయింది. ఫిల్టరు విప్పితే సగ్గుబియ్యం ఉడికించినట్టు జిగట ముద్దలు. గోధుమ రంగు నాచులో ఆల్జినేట్ అనే జిగురు ఉంటుంది, కాల్షియం తగిలితే అది గడ్డకడుతుంది. ఆ సాయంత్రమంతా పంపు కడగడంతోనే సరిపోయింది.

డిసెంబరులో పండ్లు వచ్చాయి. తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ అరువు తెచ్చి చూస్తే అన్ని బెడ్లలోనూ ఇంచుమించు 8 డిగ్రీల బ్రిక్సే. నాలుగు రోజులు మబ్బు పడితే అన్నిటిలోనూ తగ్గింది. రెండు రకాల పండ్లనూ వేర్వేరు డబ్బాల్లో ఇంట్లో పెడితే మూడో రోజు రెండిటికీ బూజు పట్టింది. పండు నాణ్యత గురించి దుకాణంలో విన్న మాటలేవీ నా పొలంలో కనబడలేదు.

వంకర కాయలూ అంతే, ఇటూ అటూ సమానం. ఒకటి తెచ్చి వెలుతురులో చూశాను. బాగా ఊరిన వైపు పైనున్న గింజలు బొద్దుగా ఉన్నాయి, నొక్కుకుపోయిన వైపు గింజలు పొట్టువి. పుప్పొడి అందిన గింజ చుట్టూనే కండ ఊరుతుందట. మా దగ్గర మంచు విడిచేసరికి పది అవుతుంది, తేనెటీగలు వచ్చేది ఆ తర్వాతే. నేనేమో సరిగ్గా ఆ వేళకే పంపు తగిలించుకుని పూల మీద పిచికారీ చేస్తూ తిరిగాను! జనవరి నుంచి పిచికారీ సాయంత్రానికి మార్చి, గట్టు మీద రెండు తేనెటీగల పెట్టెలు పెట్టాను. తర్వాతి కోతల్లో వంకరలు తగ్గాయి. పిచికారీ వేళ మార్చడం వల్లో, పెట్టెల వల్లో, ఎండ పెరగడం వల్లో విడదీసి చెప్పలేను. ఈసారి పుల్లలు పాతలేదు మరి.

సీసాలో ఎక్కువ భాగం పూత మీద, కాయ మీద కొట్టడానికే పోయింది. వేళ్లు ముంచడానికి పట్టింది అందులో పిసరంత. అందుకే ఈ ఏడాది చిన్న సీసా చాలు: నారు వేళ్లకు, మొదటి నెలలో డ్రిప్పు నీళ్లలో రెండుసార్లు. నారుకు బయానా ఇచ్చేశాను. ఈసారి ఏ బెడ్లు వదిలేయాలో తానే చెబుతానంటోంది అమ్మ. నేను ఎంచితే మట్టి బాగాలేని బెడ్లు చూసి ఎంచుతానట.