మోటారు వేసినా కదలని రీడింగు: పురి వైర్లతో మేడ మీద పని

బెజవాడ పటమటలో మా ఇల్లు. మేడ మీద ట్యాంకు, కింద బోరు మోటారు. ట్యాంకులో ఎన్ని సెంటీమీటర్ల నీళ్లున్నాయో వంటింటి గోడ మీద చిన్న డిస్‌ప్లేలో కనపడాలి. ఈ ప్రాజెక్టు ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెడుతున్నాను.

సెన్సర్ ఎంపీఎక్స్5010డీపీ. 10 కిలోపాస్కల్స్ దాకా పీడనం కొలుస్తుంది, అంటే సుమారు 102 సెంటీమీటర్ల నీళ్లు. మా ట్యాంకులో అంతకు మించి నిలవవు. సన్నటి సిలికాన్ గొట్టాన్ని ట్యాంకు అడుగుదాకా దింపితే, అందులో చిక్కుకున్న గాలి నీటి పీడనాన్ని సెన్సర్‌కి చేరవేస్తుంది. సెన్సర్‌కి తడి తగలదు. ఆ గాలి మెల్లగా నీటిలో కరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడు గొట్టం పైకి తీసి మళ్లీ దించాలి. సెన్సర్ ఒక్కో కిలోపాస్కల్‌కి 450 మిల్లీవోల్టులు ఇస్తుంది. లెక్క వేస్తే సెంటీమీటరు నీటికి 44 మిల్లీవోల్టులు. అందుకే వైరులో 50 మిల్లీవోల్టుల నాయిస్ (బయటినుంచి చేరే అక్కర్లేని వోల్టేజీ) చేరినా మట్టం సెంటీమీటరు పైనే తప్పు చూపిస్తుంది.

చూపించింది కూడా. ఇల్లు కట్టినప్పుడే ఫ్లోట్ స్విచ్ (నీటి మీద తేలుతూ మట్టాన్ని బట్టి పనిచేసే స్విచ్) కోసమని మోటారు వైర్లతో కలిపి ఒకే పీవీసీ పైపులో మూడు విడి వైర్లు లాగి ఉంచారు. ముందు వాటి మీదే సిగ్నల్ పంపి చూశాను. మోటారు ఆగి ఉంటే రీడింగు నిలకడగా ఉంటుంది. స్విచ్ వేయగానే ఒక్కసారి పైకి ఎగిరి, ఆ తర్వాత మోటారు తిరిగినంతసేపూ రెండు మూడు సెంటీమీటర్ల మేర ఊగుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో సగటు తీసి దీన్ని దాచేయొచ్చు. నాకది ఇష్టం లేదు. సిగ్నల్ వైరులోనే శుభ్రంగా రావాలి.

అసలు ఏం జరుగుతోందంటే, వెళ్లే వైరు, తిరిగొచ్చే వైరు ఎడంగా ఉంటే వాటి మధ్య పొడవాటి లూప్ ఏర్పడుతుంది. మోటారు కరెంటు సెకనుకి 100 సార్లు దిశ మార్చుకునే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం లూప్‌లోంచి పోయినప్పుడు అందులో వోల్టేజీ పుడుతుంది. లూప్ వైశాల్యం ఎంత ఎక్కువైతే నాయిస్ అంత ఎక్కువ. రెండు వైర్లనీ తాడుకి పురి పెట్టినట్టు మెలితిప్పితే రెండు లాభాలు. లూప్ చిన్న చిన్న ముక్కలైపోతుంది, పైగా పక్కపక్క ముక్కల్లో పుట్టే వోల్టేజీలు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండు వైర్లూ మోటారు వైరుకి సగటున ఒకే దూరంలో ఉంటాయి కనక కెపాసిటెన్స్ ద్వారా, అంటే వైర్ల మధ్య విద్యుత్ క్షేత్రం ద్వారా, ఎక్కే నాయిస్ కూడా రెండిటికీ సమానంగా ఎక్కుతుంది.

ఇది పాత విద్యే. టెలిఫోన్ కోసం పురి వైర్లకి అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. మన బెజవాడ జంక్షన్ గుండా పోయే రైలు మార్గాల మీద 25 కిలోవోల్టుల ఏసీ కరెంటు ఉంటుంది. అలాంటి మార్గాల్లో పట్టాల పక్కన స్తంభాల మీద టెలిఫోన్ తీగలు ఉంచలేరు, భూమిలో కేబుల్ వేస్తారు. రైల్వే వాడే ఆ క్వాడ్ కేబుల్లో నాలుగేసి తీగలు కలిపి పురి వేసి ఉంటాయి. రైలెక్కినప్పుడల్లా నాకు ఆ కేబులే గుర్తొస్తుంది.

మొదటి దశలో చేత్తోనే పురి వేశాను. గవర్నర్‌పేటలో రెండు రంగుల సన్న వైరు కొని, మేడ మీద ఆ మూల నుంచి ఈ మూలకి పరిచి, ఒక కొస పిట్టగోడ కొక్కేనికి కట్టాను. రెండో కొస డ్రిల్ చక్‌లో (బిట్ బిగించే చోట) బిగించాను. వైర్లని బిగుతుగా లాగి పట్టుకుని డ్రిల్‌ని బాగా నెమ్మదిగా తిప్పాలి. సెంటీమీటరు, సెంటీమీటరున్నరకి ఒక పురి చాలు. పొడవు పదో వంతు దాకా తగ్గుతుంది, ఆ మేరకు ముందే ఎక్కువ తీసుకోవాలి. చక్ విప్పగానే వైరు కొంత వెనక్కి తిరుగుతుంది కాబట్టి కావలసిన దానికంటే కాస్త ఎక్కువే తిప్పాలి. చక్ విప్పేటప్పుడు కొసని గట్టిగా పట్టుకోండి, లేకపోతే వేళ్లకి తగులుతుంది.

దాన్ని పైపు లోపల కాకుండా బయట, పైపుకి ఆనించి కట్టాను. 230 వోల్టుల వైర్లున్న పైపులో తక్కువ వోల్టేజీ వైరు ఉండనే కూడదు. ఇన్సులేషన్ దెబ్బతింటే ప్రాణాల మీదకొస్తుంది. మోటారు తిరిగేటప్పటి ఊగిసలాట దాదాపు పోయింది. మల్టీమీటర్‌ని ఏసీ మిల్లీవోల్టుల్లో పెడితే తేడా స్పష్టంగా కనపడింది. స్విచ్ వేసిన క్షణాన వచ్చే ఎగురు మాత్రం తగ్గింది గానీ పోలేదు.

ఈ పనిలో అసలు కీలకం నాకు ఇక్కడే తెలిసింది. పురి వేస్తే సరిపోదు, ఏ రెండు వైర్లని జత కట్టామన్నదే ముఖ్యం. సిగ్నల్‌కి జతగా దాని సొంత రిటర్న్ వైరే, అంటే తిరిగొచ్చే గ్రౌండ్ వైరే, ఉండాలి. సిగ్నల్‌నీ సెన్సర్‌ని నడిపే +5 వోల్టులనీ జత కట్టి గ్రౌండ్‌ని వేరే దారిలో తెస్తే ఎంత పురి వేసినా లూప్ అలాగే ఉంటుంది. ఇంకా కావాలంటే, కింద చదివే చిప్ ఆ రెండు వైర్ల మధ్య తేడానే చదవాలి. అప్పుడే రెండిటికీ సమానంగా ఎక్కిన నాయిస్ తీసివేతలో పోతుంది.

రెండో దశకి క్యాట్ 5ఈ కేబుల్ (కంప్యూటర్ నెట్‌వర్క్‌కి వాడేది) తెచ్చాను. అందులో నాలుగు జతలు, ఒక్కోదాని పురి ఒక్కో రకం. అన్నీ ఒకేలా ఉంటే ఒక జత సిగ్నల్ పక్క జతలోకి ఎక్కుతుంది. కొనేటప్పుడు రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అంటగట్టకుండా చూసుకోండి. 100 మీటర్ల ఒక తీగకి నిరోధం 9.4 ఓంలు మించకూడదు. 20 మీటర్ల ముక్కలో ఒక జత చివర కలిపి ఈవైపు కొలిస్తే 4 ఓంల లోపు రావాలి. కొలతలోంచి మీటరు ప్రోబుల నిరోధం తీసేయడం మర్చిపోవద్దు.

నీలం తీగ సిగ్నల్‌కి, తెలుపు-నీలం సరిగ్గా సెన్సర్ గ్రౌండ్ కాలి నుంచి. నారింజ +5 వోల్టులకి, తెలుపు-నారింజ సప్లై గ్రౌండ్‌కి. కింద వోల్టేజీని అంకెగా మార్చే ఏడీఎస్1115 చిప్‌ని డిఫరెన్షియల్‌గా, అంటే రెండు ఇన్‌పుట్‌ల తేడా చదివేలా, వాడాను. తెలుపు-నీలం నేరుగా చిప్ రెండో ఇన్‌పుట్‌కే పోతుంది, కింద గ్రౌండ్‌తో కలవదు. కలిపితే సెన్సర్ తాగే కరెంటు దాని గుండా కూడా పారి, ఆ తీగలో పడే వోల్టేజీ రీడింగులో చేరుతుంది. రెండు ఇన్‌పుట్‌లకీ చెరో 1 కిలో ఓం రెసిస్టర్, వాటి తర్వాత రెండిటి మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఇది సుమారు 8 హెర్ట్జ్ కంటే వేగంగా మారే వాటిని అణిచే ఫిల్టర్ అవుతుంది, నీటిమట్టానికి ఆ వేగం చాలు. రెసిస్టర్లు రెండూ సమానంగా ఉండాలి. ఒకవైపే పెడితే తీసివేత సరిగ్గా జరగదు. కొసల దగ్గర పురి 13 మిల్లీమీటర్లకి మించి విప్పలేదు.

ఇప్పుడు మోటారు వేసినా ఆపినా చివరి అంకె కూడా కదలడం లేదు. మా అమ్మ డిస్‌ప్లే చూసి మోటారు ఆపేస్తోంది, ట్యాంకు పొర్లడం లేదు.

ఈ కేబుల్ పైతొడుగు ఎండకి పగులుతుంది కనక మేడ మీద కనపడే భాగాన్ని వేరే పైపులో పెట్టాలి. ఆ తర్వాత వీధివైపు సంపు. అక్కడికి దూరం ఎక్కువ కాబట్టి అనలాగ్ (వోల్టేజీ రూపం) కాకుండా ఆర్ఎస్-485 అనే పద్ధతిలో డిజిటల్‌గా (అంకెలుగా) పంపుతాను. అదీ పురి జత మీద నడిచేదే, రిసీవర్‌కి 200 మిల్లీవోల్టుల తేడా చాలు. నా దగ్గరున్న ఈఎస్పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు 3.3 వోల్టులది కాబట్టి, ఆర్ఎస్-485 సిగ్నల్‌ని పంపి అందుకునేందుకు 5 వోల్టుల మ్యాక్స్485 బదులు 3.3 వోల్టుల మ్యాక్స్3485 మాడ్యూళ్లు తెప్పిస్తున్నాను. రెండు కొసల్లోనూ చెరో 120 ఓంల రెసిస్టర్, గ్రౌండ్ కోసం ఇంకో జత.