అధికార భాష ప్రకటన చాటున జరిగిన రద్దు

2025 మార్చి 1న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఇంగ్లీషును అమెరికా అధికార భాషగా ప్రకటించినప్పుడు, అంతవరకూ ఆ దేశానికి అధికార భాషే లేదన్న సంగతి తెలిసి విస్తుపోయినవారు చాలామందే ఉంటారు. అక్కడి రాజ్యాంగం భాష ఊసే ఎత్తలేదు. జపాన్ నుంచి వలస వచ్చిన దంపతులకు కెనడాలో పుట్టిన భాషావేత్త, సెనేటర్ హయకావా 1981లో ఇందుకోసం రాజ్యాంగ సవరణను ప్రతిపాదించారు గానీ అది నెగ్గలేదు. 30కి పైగా రాష్ట్రాలు మాత్రం తమ పరిధిలో ఇంగ్లీషుకు ఆ హోదా ఇచ్చుకున్నాయి.

ఉమ్మడి భాష దేశాన్ని ఒక్కతాటిపై నిలుపుతుందనీ, ఇంగ్లీషు వస్తే వలస వచ్చినవారి బతుకులు బాగుపడతాయనీ సమర్థకుల వాదన. రెండో మాటతో నాకు పేచీ లేదు. అయితే పౌరసత్వం కోరేవారికి ఇంగ్లీషు మాట్లాడటం రావాలన్న నిబంధన 1906 నాటి నుంచీ ఉన్నదే. కొత్త ప్రకటన వల్ల భాష నేర్పే తరగతి ఒక్కటి కూడా అదనంగా రాదు.

నా దృష్టిలో అసలు మార్పు, 2000లో క్లింటన్ ఇచ్చిన 13166వ ఉత్తర్వును, ఈ ప్రకటన చేసిన ట్రంప్ ఉత్తర్వే రద్దు చేయడం. ఇంగ్లీషు అంతగా రానివారికి కూడా సేవలు అందేలా చూడాలని ఆ పాత ఉత్తర్వు ఫెడరల్ సంస్థలను ఆదేశించింది. ఇతర భాషల్లో సేవలు ఆపనక్కర్లేదని కొత్త ఉత్తర్వు చెబుతున్న మాట నిజమే. కానీ నిర్ణయం ఆయా సంస్థల అధిపతులకే వదిలేసింది, అంటే నిన్నటి బాధ్యత నేడు వారి ఇష్టాయిష్టాల పాలైంది.

ఇది చిన్న విషయం కాదనడానికి అలబామా ఉదంతం చాలు. ఆ రాష్ట్రం 1990లో ఇంగ్లీషును అధికార భాషగా చేసుకుని, అంతకుముందు పలు భాషల్లో పెట్టిన డ్రైవింగ్ లైసెన్సు పరీక్షను ఇంగ్లీషుకే పరిమితం చేసింది. దాన్ని సవాలు చేసిన కేసులో 2001లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో, పరీక్ష విధానం న్యాయమా కాదా అన్నది తేల్చకుండానే, ఉద్దేశపూర్వక వివక్షను రుజువు చేయకుండా కేవలం ఫలితంలో అసమానత ఉందని ఫెడరల్ నిధులతో నడిచే కార్యక్రమాల్లో వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం కింద వ్యక్తులు దావా వేయలేరని తీర్పు చెప్పింది. అలా ఆ దారి మూసుకుపోయాక, ఇలాంటి ఫిర్యాదులను పట్టించుకునే భారం ప్రధానంగా ఫెడరల్ సంస్థల మీదే పడింది. ఇప్పుడు సడలించింది సరిగ్గా ఆ సంస్థల మీది ఒత్తిడినే.