రెండో ఏడాది దక్కిన సీటు: మ్యూజికల్ థియేటర్ కళాశాలను ఎంచుకోవడంలో నా అనుభవం

ఈ వారంతో ఫలితాలన్నీ వచ్చేశాయి. తొమ్మిది కళాశాలలకు దరఖాస్తు చేస్తే మూడింటి నుంచి మ్యూజికల్ థియేటర్ (పాట, ఆట, నటన కలిసిన నాటకకళ) బీఎఫ్‌ఏలో, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో, సీటు ఇస్తున్నామన్న కబురు అందింది. నిరుడు ఇదే సమయానికి పద్నాలుగు కళాశాలలు ప్రయత్నించి ఒక్క సీటూ లేకుండా కూర్చున్నాను. ఈ రెండు ఏప్రిల్ నెలల మధ్య ఏం మారిందో, రాబోయే అక్టోబరు, నవంబరులలో ప్రీస్క్రీన్ వీడియోలు (ఆడిషన్‌కు ఎవరిని పిలవాలో కళాశాలలు చూసి తేల్చుకునేవి) పంపబోయే అమెరికాలోని తెలుగు పిల్లల కోసం రాస్తున్నాను. యూనిఫైడ్స్ (చాలా కళాశాలలు ఒకే చోట జరిపే ఆడిషన్లు), డాన్స్ కాల్ (నృత్య పరీక్ష), పదహారు బార్ల కట్ (పాటలోంచి పాడడానికి తీసుకునే చిన్న ముక్క; బార్ అంటే తాళంలో ఒక ఆవృతం లాంటిది) వంటివి మీకు కొత్త కావు కాబట్టి వాటిని ఇంతకు మించి వివరించను.

నిరుటి నా జాబితా తయారైన తీరే తప్పు. న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్వేలో వేషాలు వేసే నటుల పరిచయాలు చదివి, వాళ్లు ఎక్కడ చదివారో ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. 1914 నుంచి నాటకకళకు నెలవైన కార్నెగీ మెలన్, ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయం, సిన్సినాటి విశ్వవిద్యాలయపు సంగీత కళాశాల సీసీఎం అందులో మొదటి వరుసలో ఉండేవి. అవి గొప్పవి కావని నేను అనడం లేదు. ఒక్కో ఏడాది తీసుకునేది కొద్దిమందినే అయిన ఇలాంటి చోట్లనే పద్నాలుగింటినీ ఎంచుకోవడం, పైగా అవి ఒకదానికొకటి ఎలా వేరో తెలుసుకోకుండానే ఎంచుకోవడం నా అవివేకం. ప్రీస్క్రీన్ దాటింది అయిదింట్లోనే. ఆ అయిదింటిలో నాలుగు ఆడిషన్లు షికాగోలో, పామర్ హౌస్ హోటల్లో, రెండు రోజుల్లో జరిగాయి.

అందులో రెండోది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. కారిడార్ గోడల వెంట పిల్లలు చెవులు మూసుకుని స్వరాలు సవరించుకుంటున్నారు. నా పేరు పిలిచారు. లోపలికి వెళ్లి పియానో వాయించే ఆయనకు నా పాట కాగితాలు ఇచ్చాను. అవి విడివిడి కాగితాలు, నాలుగు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడి నుంచి ఎక్కడికి దూకాలో పెన్సిలుతో సన్నగా గీసి ఉంది. లయ ఎంత వేగంగా ఉండాలో ఆయనకు వేళ్లతో తట్టి చూపించాల్సింది, చూపించలేదు. ఒక నమస్కారం పెట్టి నేరుగా గది మధ్యకు వెళ్లి నిలబడ్డాను. ఆయన కాగితం మీద అచ్చయి ఉన్న వేగంతోనే, నేను ఇంట్లో సాధన చేసిన దానికంటే బాగా నెమ్మదిగా మొదలుపెట్టారు. చివరి దీర్ఘస్వరం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చాలలేదు. మూడో కాగితం జారి కింద పడింది. నేను పాట ఆపి ఆయన వైపు తిరిగి చూశాను. చేయకూడనిది అదే. పొరపాటు నాది, చూపులో నింద మాత్రం ఆయన మీద.

అయినా ఎదురుగా కూర్చున్న ఇద్దరు అధ్యాపకులు దయగా మళ్లీ పాడమన్నారు, పాడాను. ఆ తరువాత ఒకామె, మా దగ్గరే ఎందుకు చదవాలనుకుంటున్నావని అడిగారు. మీది దేశంలోకెల్లా మంచి కళాశాల కనుక అన్నాను. మా నాలుగేళ్ల పాఠ్యక్రమంలో నీకు అన్నిటికన్నా అవసరమైనది ఏమిటి అని అడిగారు. నాకు మాట రాలేదు. ఆ పాఠ్యక్రమం నేను తెరిచి చూడనే లేదు. ఆ గదిలో నేను పోగొట్టుకున్నది పాట దగ్గర కాదు, ఈ ప్రశ్న దగ్గరేనని నా నమ్మకం.

అందుకే రెండో ఏడాది మే నుంచి ఆగస్టు వరకు చేసిన పని పాట కంటే ముందు పాఠ్యక్రమాలు చదవడం. బీఎఫ్‌ఏలో మూడింట రెండు వంతుల దాకా చదువంతా నటన, గానం, నృత్యం చుట్టూనే తిరుగుతుంది. బీఏలో ఇతర విషయాలకు చోటు ఎక్కువ. బీఎం (బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్) అయితే సంగీతశాస్త్రం బరువు. ఇంతవరకు అందరికీ తెలుసు. అసలు తేడాలు లోపల ఉన్నాయి. గురువు ఒక్కరితో ఒక్కరిగా కూర్చుని పాట నేర్పే పాఠం ఎన్ని సెమిస్టర్లు ఉంది? మొదటి ఏడాది పిల్లలను రంగస్థలం ఎక్కనిస్తారా, లేక ఏడాదంతా తరగతి గదిలోనే ఉంచుతారా? రెండో ఏడాది చివర సమీక్ష పెట్టి కొందరిని కోర్సు నుంచి తప్పించే పద్ధతి ఉందా? బ్యాలే తక్కువ వచ్చినవాళ్లకు వేరే తరగతి ఉందా? కూచిపూడి ఎనిమిదేళ్లు నేర్చుకుని, బ్యాలే పదహారో ఏట మొదలుపెట్టిన నాకు ఈ చివరి ప్రశ్నే ప్రాణం. మూడు కళాశాలలకు వెళ్లి తరగతులు కూర్చుని చూశాను. ఒక చోట నాలాంటివాళ్లకు మొదటి మెట్టు నుంచి నేర్పే బ్యాలే తరగతి ఉంది, అందులో ఆరుగురే ఉన్నారు.

హెచ్‌-4 మీద, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే వీసా మీద ఉన్న పిల్లలు తమ జాబితాకు ఇంకొక వడపోత పెట్టుకోవాలి. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి సహాయం మనకు వర్తించదు. కనుక ప్రతిభ మీద కళాశాల తన నిధుల నుంచి ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఎవరు అర్హులో ముందే అడగాలి. వేతనంతో పనిచేయడానికి మనకు అనుమతి ఉండదు, కనుక వేసవి నాటక సంస్థల్లో జీతం ఇచ్చే వేషాలు మనవి కావు. ఇరవై ఒక్క ఏళ్లు నిండేలోగా విద్యార్థి వీసా అయిన ఎఫ్‌-1కు మారాలి. నాకది రెండో సంవత్సరం మధ్యలో వస్తుంది. అప్పుడు రాష్ట్రవాసులకు ఇచ్చే తక్కువ ఫీజు కొనసాగుతుందా లేదా అన్నది ఒక్కో చోట ఒక్కో తీరు. నేను ప్రతి కళాశాలకూ ఈమెయిల్ రాసి, జవాబులు దాచుకున్నాను. డిగ్రీ అయ్యాక ఎఫ్‌-1 వాళ్లు ఉద్యోగం చేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, పన్నెండు నెలలే. ఇంజినీరింగు వాళ్లకు దొరికే మరో ఇరవై నాలుగు నెలల పొడిగింపు బీఎఫ్‌ఏకు లేదు. ఇవన్నీ ముందే తెలుసుకుంటే ఇంట్లో నాన్నగారితో జరిగే సంభాషణ వేరే స్థాయిలో ఉంటుంది. అప్పటిదాకా ఆయనకు నాది మోజు. లెక్కలన్నీ ఒక కాగితం మీద పెట్టి చూపించిన రోజు ఆయన కళ్లజోడు తీసి, ఆ కాగితాన్ని రెండోసారి చదివారు.

పాట విషయంలో నాకు దారి దొరికింది మాత్రం అనుకోని చోట. ప్రీస్క్రీన్‌లో ఇష్టమైనది ఏదైనా చూపించుకోవడానికి ఇచ్చే వైల్డ్ కార్డ్ కింద ఒక పౌరాణిక నాటక పద్యం పాడదామనుకున్నాను. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్లకు అది అర్థం కావాలి కదా అని, ముందు రాగం లేకుండా పదాలు విరిచి, ఎవరితో అంటున్నానో ఊహించుకుంటూ మాటలుగా చెప్పడం మొదలుపెట్టాను. అలా వారం గడిచాక రాగం ఎత్తుకుంటే, ఎక్కడ సాగదీయాలో ఎక్కడ ఆపాలో పద్యమే చెప్పింది. అదే పద్ధతిని ఇంగ్లీషు పాటలకు పెట్టి చూశాను. కర్ణాటక సంగీతం అలవాటు వల్ల నేను ప్రతి స్వరానికీ జారుతూ చేరేదాన్ని. మాట ముందు నిలిచేసరికి ఆ జారుడు తనంతట తానే తగ్గింది. నా గమకాలను మానుకోమని ఏడాదిగా చెబుతున్న మా గాత్ర గురువు ఆ రోజు ఏమీ అనకుండా, మళ్లీ పాడు అన్నారు.

మిగతాది సాధన. తెల్లవారి ఆరింటికి గంట బ్యాలే, సాయంత్రం గాత్రం, రాత్రి రెండు మోనోలాగులు (ఒక్కరే చెప్పే నాటక సంభాషణలు). జ్వరం వచ్చిన రోజు కూడా కనీసం మోనోలాగు గొణుక్కున్నాను. ప్రతిభ ఉంటే చాలునని చెప్పేవాళ్ల మాట వినకండి. ప్రతిభ ఉన్నవాళ్లు ఆ కారిడార్ నిండా ఉన్నారు. ఫోను పక్కన పెట్టలేనివాడు పదహారు బార్లు కూడా నిలబెట్టుకోలేడు. ఒక ఏడాది వృథా చేసుకుంటున్నావని మా బంధువుల్లో చాలామంది అన్నారు, మా మేనత్తగారు ఇప్పటికీ అంటారు. ఐఐటీకి లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్న పిల్లవాడిని పట్టుదల గలవాడంటారు, నేనూ చేసింది అదే. ఇది మొండితనం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఈసారి కాగితాలు మెరుపు లేని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, వీపు వీపుకు ఆనేలా బైండరులో అమర్చాను. మొదలు, కట్, ముగింపు మూడూ ఎర్ర సిరాతో దిద్దాను. లయ చూపించాను. పాడి ముగించి పియానో వాద్యకారుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. మా దగ్గరే ఎందుకన్న అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. మీ మొదటి మెట్టు బ్యాలే తరగతి కోసం అన్నాను. ప్రశ్న అడిగిన అధ్యాపకుడు నవ్వి, ఆ తరగతికి వచ్చావా అని అడిగారు. మూడో వరుసలో, బ్యాలే సాధనలో పట్టుకునే కమ్మీ దగ్గర కూర్చుని చూశానని చెప్పాను.

వచ్చిన మూడు సీట్లలో ఒకటి నిరుటి నా జాబితాలో పై వరుసలో ఉన్న పేరు. ఆ ఉత్తరం చూసి అమ్మ ఏడ్చేసింది. అయినా నేను డిపాజిట్ కట్టింది ఆ ఆరుగురి తరగతి ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి. మే 1 వరకు గడువు ఉన్నా నిన్న రాత్రే కట్టేశాం. ఫీజు నాన్నగారి లెక్కకు అందుతుంది, ఎఫ్‌-1కు మారాక ఏం జరుగుతుందో వాళ్ల జవాబు నా దగ్గర భద్రంగా ఉంది, గాత్ర పాఠం ఎనిమిది సెమిస్టర్లూ ఉంది. ఆగస్టులో తరగతులు మొదలయ్యేలోగా ఎడమ కాలి మీద రెండు చుట్లు తిరగడం రావాలి. ఇప్పటికి ఒకటిన్నర దగ్గర ఉన్నాను.