ఆరు రోజుల్లో ఐదు గెలుపులు, ఆ తరువాత సంగతి

అమెరికాలోని సువానీ కాలేజీలో చదివిన వాళ్లకు 1899 నాటి మా ఫుట్‌బాల్ జట్టు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మా పూర్వ విద్యార్థుల ఈ సంచికకు ఎవరి భాషలో వాళ్లు రాయవచ్చన్నారు కాబట్టి, ఇది చదివే తెలుగు వాళ్ల కోసం మొదటి నుంచీ చెబుతాను.

మా కాలేజీ పేరు యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్. టెనెసీ రాష్ట్రంలో కంబర్లాండ్ పీఠభూమి మీద, అడవి మధ్యలో ఉంటుంది. ఊరి పేరు సువానీ, అందరూ కాలేజీనీ అదే పేరుతో పిలుస్తారు. ఎపిస్కోపల్ చర్చి వాళ్లు పెట్టింది. చదువులో ముందున్న విద్యార్థులు నల్ల గౌను వేసుకుని క్లాసుకు వెళ్లే ఆచారం ఇప్పటికీ ఉంది. తొంభైల్లో నేను గుంటూరు నుంచి వెళ్లి చేరినప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఏమిటో నాకు తెలియదు. హాస్టల్లో సీనియర్లు నాకు ముందు 1899 కథ చెప్పారు, ఆట రూల్సు ఆ తరువాత చెప్పారు.

ఆ ఏడాది మా జట్టు 12 మ్యాచ్‌లు ఆడి 12 గెలిచింది. కొట్టిన పాయింట్లు 322, ఇచ్చినవి 10. అందులో అందరూ చెప్పుకునేది నవంబర్‌లో చేసిన రైలు ప్రయాణం. 9న ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీ మీద 12–0. 10న హ్యూస్టన్‌లో టెక్సాస్ ఎ అండ్ ఎం మీద 10–0. 11న న్యూ ఆర్లీన్స్‌లో టులేన్ మీద 23–0. ఆదివారం ఆట లేదు. 13న బాటన్ రూజ్‌లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మీద 34–0, 14న మెంఫిస్‌లో మిసిసిపీ యూనివర్సిటీ మీద 12–0. మొత్తం 2,500 మైళ్లు, అంటే విజయవాడ నుంచి ఢిల్లీకి రానూ పోనూ కన్నా ఎక్కువే. పగలు ఆట, రాత్రి రైల్లో నిద్ర. వెళ్లింది 21 మంది ఆటగాళ్లు. అప్పట్లో దాడికీ రక్షణకూ అదే పదకొండు మంది. మధ్యలో బయటికి వచ్చిన వాడు మళ్లీ ఆటలోకి వెళ్లడానికి లేదు. బంతిని చేత్తో ముందుకు విసరడం 1906 దాకా రూల్సులోనే లేదు కాబట్టి ప్రతి గజమూ ఒళ్లు ఒళ్లు ఢీకొని సంపాదించాల్సిందే. కెప్టెన్ హెన్రీ సీబెల్స్‌కు ఆస్టిన్‌లో తల పగిలింది. కట్టు కట్టించుకుని ఆడాడు.

ఈ ప్రయాణం డబ్బు కోసం పుట్టింది. టికెట్ల వసూళ్ల పంపకం దగ్గర వాండర్‌బిల్ట్ యూనివర్సిటీతో గొడవ వచ్చి ఆ ఏడాది వాళ్లతో మ్యాచ్ లేకుండా పోయింది. బాగా డబ్బు వచ్చే మ్యాచ్ అదే. ఆ లోటు పూడ్చడానికి విద్యార్థి మేనేజర్ ల్యూక్ లీ ఉత్తరాలూ టెలిగ్రాములే ఆధారమైన రోజుల్లో ఐదు కాలేజీలను ఒప్పించి, రైళ్లు కలిపి, ఈ యాత్ర కుదిర్చాడు. అప్పుడతనికి ఇరవై ఏళ్లు. బయల్దేరాక చూస్తే ఆటగాళ్ల బూట్లు స్టేషన్లోనే ఉండిపోయాయనీ, అవి తరువాతి రైల్లో వచ్చి అందాయనీ చెబుతారు. ఊరి ఊట నీళ్లు పీపాల్లో వెంట తీసుకెళ్లారని కూడా అంటారు. మేనేజర్ పని ఎంత కష్టమో నేను హాస్టల్ మెస్ లెక్కలు చూసినప్పుడు కొద్దిగా తెలిసింది. నా దృష్టిలో ఆ సీజన్‌లో సగం ఘనత ల్యూక్ లీదే. తరువాత అతను అమెరికా సెనేటర్ అయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1919 జనవరిలో కొందరు తోటి సైనికులతో హాలండ్ వెళ్లి, అక్కడ తలదాచుకున్న జర్మనీ మాజీ చక్రవర్తి కైజర్‌ను పట్టుకురావాలని చూశాడు. అది కుదరలేదు.

ఆటగాళ్ల ఒళ్లు పట్టి, దెబ్బలు చూసిన ట్రైనర్ కాల్ బర్రోస్ నల్లజాతి మనిషి. అతను ఆ కాలేజీలో పనిచేయగలిగాడు గానీ, చదవడానికి అతనికి చోటు లేదు. ఆ కాలంలో నాకూ ఉండేది కాదు. 1899ని గర్వంగా తలచుకునేటప్పుడు ఈ మాట కూడా చెప్పి తీరాలి.

నన్నడిగితే ఆ సీజన్‌లో అసలు పరీక్ష రైలు యాత్ర కాదు, నవంబర్ 30న మాంట్‌గోమరీలో ఆబర్న్ కాలేజీతో జరిగిన మ్యాచ్. ఆబర్న్ కోచ్ జాన్ హైస్మన్. ఈనాటికీ ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే ట్రోఫీ ఆయన పేరు మీదే ఉంది. ఆయన కుర్రాళ్లు బంతి ఒకసారి ఆగాక మళ్లీ ఆట మొదలయ్యే మధ్య ఊపిరి తీసుకోనివ్వకుండా వేగంగా ఆడారు. ఏడాది మొత్తంలో మా వాళ్ల మీద పాయింట్లు కొట్టింది ఆ జట్టొక్కటే. 11–10తో గెలిచి బయటపడ్డాం. అప్పట్లో టచ్‌డౌన్‌కు, అంటే బంతిని అవతలి జట్టు గీత దాటిస్తే, 5 పాయింట్లు. దాని తరువాత బంతిని గోల్‌లోకి తంతే 1. ఆ ఒక్క పాయింటే గెలుపు. అంపైర్ తీర్పులు అన్యాయమని హైస్మన్ పత్రికకు ఉత్తరం కూడా రాశాడు. రెండు రోజులకే మా వాళ్లు అట్లాంటాలో నార్త్ కరోలినా మీద 5–0తో గెలిచి సీజన్ ముగించారు.

మా సీనియర్లు కథ ఇక్కడితో ఆపేసేవాళ్లు. మిగతాది నాకు లైబ్రరీలో దొరికింది. 1932 డిసెంబర్‌లో దక్షిణాది కాలేజీలు 13 కలిసి సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే పోటీల లీగ్ పెట్టుకున్నప్పుడు అందులో సువానీ కూడా ఉంది. 1940లో బయటికి వచ్చేదాకా ఆ కాన్ఫరెన్స్‌లో 37 మ్యాచ్‌లు ఆడి 37 ఓడిపోయింది. ఒక్క డ్రా కూడా లేదు. అది చదివి నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. 1899లో ఓడిన టులేన్, ఎల్ఎస్‌యూ, మిసిసిపీ, ఆబర్న్ అన్నీ ఆ కాన్ఫరెన్స్‌లో ఉన్నవే.

కుర్రాళ్లు చేతకానివాళ్లై ఓడిపోయారని నేను అనుకోను. ఆట మారిపోయింది. పెద్ద స్టేడియాలు, పెద్ద కోచ్‌లు, ఆట కోసమే ఫీజు లేని చదువు ఇచ్చి రప్పించుకున్న ఆటగాళ్లు వచ్చారు. 21 మందితో రైలెక్కి పెద్ద కాలేజీలన్నిటినీ ఓడించి రాగల రోజులు పోయాయి. వైస్ చాన్సలర్ అలెగ్జాండర్ గెర్రీ ఆటకు స్కాలర్‌షిప్పులు ఇవ్వబోమని తేల్చి కాలేజీని బయటికి తెచ్చారు. ఆయన చేసింది సరైన పని. ఈనాటికీ సువానీ జట్టులో ఆడేది చదువుకోవడానికి వచ్చిన పిల్లలే.

ఓడతామని తెలిసి కూడా ఎనిమిదేళ్ల పాటు శనివారం శనివారం బరిలోకి దిగిన ఆ కుర్రాళ్లూ మా వాళ్లే. 1899 జట్టు ఫొటో ఈ సంచికలో ఎలాగూ వేస్తారు. ముప్పైల నాటి జట్టు ఫొటో కూడా ఒకటి, అదే సైజులో, వరుసగా పేర్లతో వేయమని సంపాదకులకు రాశాను.