పాసయింది కదక్కా

ఇంత రాత్రి లాప్‌టాప్ తీశానంటే ఆఫీసు గొడవేనని మీకు తెలుసుగా. ఈయన పడుకున్నారు, నాకే నిద్ర పట్టట్లేదు.

మా టీమ్ కుర్రాడు జావా ప్రోగ్రామ్‌లో ఆర్రేలిస్ట్ మీద, అంటే వరసగా పేర్చిన జాబితా మీద, ఒక్కోదాన్నీ చూసుకుంటూ పోయే ఫర్-ఈచ్ లూప్ తిప్పుతూ, రద్దయిన ఆర్డర్ని ఆ లూప్‌లోనే రిమూవ్ చేసేశాడు. టెస్టులో ఆర్డర్లు మూడే, రద్దయింది రెండోది. మొదటిదో మూడోదో అయ్యుంటే లూప్ మధ్యలో లిస్టు మార్చావంటూ కన్‌కరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వచ్చి పడేది. చివరి నుంచి రెండోది తీస్తే మాత్రం చప్పుడుండదు. ఇప్పటికి ఎన్ని చూశామో చెప్పే కర్సర్ 2 దగ్గరుంటుంది, సైజు 3 నుంచి 2కి దిగుతుంది, రెండూ సమానమయ్యేసరికి, ఇంకా ఉన్నాయా అని చూసే హ్యాజ్‌నెక్స్ట్ ఇంకేం లేవంటుంది, మూడో ఆర్డర్ మొహం కూడా చూడకుండా లూప్ ముగుస్తుంది. ఇదంతా చెప్తే "టెస్టు పాసయింది కదక్కా" అంటాడు! పైగా పక్క సీటాయన దూరి, ఇంకో ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో ఈ గోలే ఉండదన్నాడు. ఎందుకుండదు? 2, 4, 5, 7 ఉన్న లిస్టు మీద లూప్ తిప్పుతూ సరిసంఖ్యలు తీసేయమనండి, 4 అలాగే మిగిలిపోతుంది, కిక్కురుమనదు. అక్కడ సైజు మారిందని ఎర్రర్ ఇచ్చేది పేరూ విలువా జతలుగా దాచే డిక్షనరీ, లిస్టు కాదు.

ఆ 4 ఎలా తప్పించుకుంటుందో తల్చుకుంటే అమీర్‌పేటలో మా సారు గుర్తొచ్చారు. పొద్దున్నే బ్యాచ్, ఫ్యాన్ కింద సీటు కోసం కొట్లాటలు, బయట కరపత్రాలు పంచేవాళ్ళు. ఆయన మా ముందు బెంచీనే లిస్టు చేసేవారు. సీటు నంబరు పిలిచి, హోంవర్కు చేయనివాళ్ళని లేపేసి, మిగతావాళ్ళని ఒక్కో సీటు ముందుకి జరగమనేవారు. ఒకసారి ఒకమ్మాయి లేచింది, ఆమె పక్కనున్న నేను ఆ సీటులోకి జరిగాను, సారు తర్వాతి నంబరుకి వెళ్ళిపోయారు. నన్నడగనే లేదు. నా నోట్సు తెల్లగా ఉంది, ఎంత సంబరపడ్డానో! "అందుకే చివర్నుంచి రండి" అన్నారు తర్వాత.

రాస్తుంటే కుర్రాడి మీద కోపం దిగిపోతోంది. ఆ ఎక్సెప్షన్ ప్రతిసారీ వస్తుందన్న హామీ లేదని జావా డాక్యుమెంటేషనే చెప్తోంది, ఎర్రర్ రాకపోతే వాడు మాత్రం ఎందుకు అనుమానపడతాడు? షరతుకి సరిపోయేవన్నీ తనే తీసేసే రిమూవ్‌ఇఫ్ చూపించగానే ఒక్క లైనులో మార్చేశాడు కూడా. అది 2014లో జావా 8తో వచ్చింది, ఇన్నేళ్ళయినా వీళ్ళకి ఎవరూ చెప్పరేంటో.

రేపు పక్కపక్కన రెండు రద్దయిన ఆర్డర్లతో ఇంకో టెస్టు రాయమనాలి. ఆ పైథాన్ ఆయన కోడ్ కూడా ఒకసారి తెరిచి చూడాలి, ముందే చెప్తే ఊరుకోడు.