మలక్‌పేట రేసులు చూసొచ్చాను

గోవా క్యాసినోలో రౌలెట్ (తిరిగే చక్రంలో బంతి ఏ గడిలో పడుతుందో పందెం కాసే ఆట) చూసినప్పటి నుంచి మన మలక్‌పేట రేసులు కూడా చూడాలని ఉండేది. తెలంగాణలో క్యాసినోలకు అనుమతి లేదు, గుర్రప్పందేలకు ఉంది, అది నైపుణ్యం మీద ఆడే ఆటేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది మరి. మా బాబాయ్ పాత రేసు మనిషి, ఆయనతో మియాపూర్‌లో మెట్రో ఎక్కి మలక్‌పేటలో దిగాను. ఆరో నిజాం హయాంలో 1886లో మౌలాలి నుంచి ఇక్కడికి మారిన రేసులివి.

రౌలెట్‌లో ఒకే సున్నా ఉన్న చక్రానికి 37 గళ్లు, ఒక గడి మీద కాసి గెలిస్తే లాభం 35 రెట్లు. అన్ని గళ్ల మీదా వంద చొప్పున 3,700 పెడితే తిరిగొచ్చేది 3,600, ఎవరి అదృష్టం ఎలా ఉన్నా ఆ వంద క్యాసినోదే. ఇంతకుముందు ఏం పడిందో చక్రానికి పట్టదు. 1913లో మాంటే కార్లోలో బంతి వరసగా 26 సార్లు నలుపు గడిలోనే పడింది, ఇక ఎరుపు రాక తప్పదనుకుని జనం లక్షల ఫ్రాంకులు పోగొట్టుకున్నారు.

గుర్రం అలా కాదు. దాని పాత పరుగులు, మోసే బరువు, జాకీ, ట్రాక్ తడి, అన్నీ లెక్కలోకొస్తాయి, అందుకే బాబాయ్ రేసు పుస్తకం వదలడు. కానీ ఇక్కడా కోత ఉంది: టోట్‌లో, అంటే అందరి పందేల డబ్బూ ఒకచోట కలిపే పద్ధతిలో, ఆ డబ్బులోంచి ముందు కమీషన్, పన్ను తీసేశాకే గెలిచినవాళ్లకి పంచుతారు. బుకీ (తనే రేటు చెప్పి పందేలు తీసుకునేవాడు) అయితే ఆ రేటులోనే తన వాటా కలిపేసుకుంటాడు. అంటే పక్కవాడికన్నా కాస్త బాగా అంచనా వేస్తే చాలదు, ఆ కోతని కూడా దాటాలి, నా దృష్టిలో అసలు కష్టం అదే.

ఒక రేసులో బాబాయ్‌కి ఒక గుర్రం నచ్చింది. నాలుగుసార్లు పరిగెడితే ఒకసారి గెలుస్తుందని ఆయన అంచనా. బోర్డు మీద వందకి 400 లాభం ఉన్నది, మేం బుకీ దగ్గరికి చేరేసరికి 200కి పడిపోయింది.

"ఈ రేటుకి వద్దురా" అని డబ్బులు జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ గుర్రమే గెలిచింది. నాకు ఉసూరుమనిపించింది గానీ ఆయన చేసింది సరైన పనే: ఆ రేటుకి గిట్టుబాటు కావాలంటే అది మూడింట ఒకసారి గెలవాలి, ఆయన లెక్కలో అంత సత్తా దానికి లేదు.