కోతి పేగులో కంతులు: నా మొదటి స్లైడు

ఎం.వి.ఎస్సీ. (పశువైద్యంలో పీజీ) పాథాలజీలో ఉండగా, అలిపిరి దారిలో బండి గుద్ది చనిపోయిన ఒక ఆడకోతిని ఫారెస్టు వాళ్లు కాగితాలతో సహా తీసుకొచ్చారు. తిరుమల కొండల్లో మనం రోజూ చూసే బానెట్ కోతే, నెత్తిన టోపీలా వెంట్రుకలు. గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకున్నాకే సార్ నన్ను బల్ల దగ్గరికి రానిచ్చారు. కోతులకు క్షయ ఉంటే మనకూ అంటుకుంటుంది.

కాలేయం పగిలి పొట్టంతా రక్తం. చావుకు కారణం అదే. కానీ పెద్దపేగు తిప్పి చూస్తే గోడ పొడవునా శనగగింజంత కంతులు, కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా గట్టిగా. నల్లదాన్ని కోస్తే జున్నులాంటి చీము, మధ్యలో సన్నటి పురుగు. దాని పేరు ఈసోఫాగోస్టోమమ్. దీని లార్వా తిండితో పాటు లోపలికెళ్లి పేగు గోడలో దూరుతుంది. ఒళ్లు దాని చుట్టూ కణాలతో కోట కడుతుంది. ఆ కోటే కంతి.

కంతుల ముక్కలు కుళ్లకుండా 10 శాతం ఫార్మలిన్‌లో వేశాను. నీళ్లు పోగొట్టే ఆల్కహాలు, ఆ ఆల్కహాలును తీసేసే జైలీను, ముక్కను బిగించే మైనం, అన్నీ సజావుగా జరిగాయి. ముక్కను పల్చటి పొరలుగా కోసే మైక్రోటోమ్ దగ్గర ఆగిపోయాను. 5 మైక్రాన్ల మందాన కోస్తుంటే తెల్ల కంతి దగ్గర బ్లేడు కరకరమంటుంది, రిబ్బన్‌లా రావలసిన పొర చిరుగుతుంది. మూడు మైనం బ్లాకులు పాడయ్యాయి. ఏడుపొచ్చింది. ల్యాబులో ముప్పై ఏళ్లుగా ఉన్న అన్న వచ్చి వేలితో తడిమి, "రాయిని కోస్తే కత్తి నిలస్తాదా పాపా? సున్నం పట్టింది దానికి" అన్నాడు.

నిజమే. పాత కంతుల్లో కాల్షియం పేరుకుంటుంది. సీసాలో మిగిలిన ముక్కల్ని ఫార్మిక్ ఆమ్లంలో నానబెట్టి, సూది మెత్తగా దిగేదాకా రోజూ చూసి, నీళ్లలో బాగా కడిగి మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి రంగు పట్టింది. నల్ల కంతిలో పురుగు అడ్డకోత, చుట్టూ ఎర్రటి రేణువుల ఇసినోఫిల్‌లు (ఒక రకం తెల్ల రక్తకణాలు), కొన్ని కణాలు కలిసిపోయి అయ్యే పెద్ద పెద్ద జెయింట్ కణాలు. తెల్లదాంట్లో పురుగే లేదు. సున్నం, దాని చుట్టూ మచ్చకట్టిన నారపొర, తెగిపోయిన పేగు కండర పొర. పురుగు ఎప్పుడో చచ్చింది. కండరం మాత్రం తిరిగి రాలేదు. చాలాసేపు కళ్లు తీయలేకపోయాను.

మరణకారణం గడిలో ప్రమాదం అనే రాశాను. దాని కింద, ఎవరూ అడక్కపోయినా, కంతుల గురించి ఒక పేజీ రాసి సార్ చేతికిచ్చాను.